చప్పట్ల నడుమ సున్నాలు: ఒక కచేరీ రికార్డింగు అతుకుల తనిఖీ

పదహారు ట్రాకుల కచేరీ రికార్డింగు ఇది. ప్రథమార్ధాన్ని, ద్వితీయార్ధాన్ని హాలులో ఆపకుండా రికార్డు చేసి, తర్వాత పాటలవారీగా ముక్కలు చేశారు. ఒక పాట ముగిసి చప్పట్లు మోగుతుండగానే ట్రాకు మారుతుంది. ఆ చప్పట్లు సద్దుమణగక ముందే తర్వాతి పాట మొదలవుతుంది. ట్రాకు మారిన సంగతి వినేవారికి తెలియకూడదు. కానీ తెలుస్తోంది.

ఈ సేకరణను నిర్వహిస్తున్న ఆయన రాసి పంపిన ఫిర్యాదులో రెండు రకాల లోపాలు ఉన్నాయి. కొన్ని అతుకుల దగ్గర చప్పట్లు లిప్తపాటు ఆగి మళ్లీ అందుకుంటున్నాయి. మరికొన్ని చోట్ల ఆగడం లేదు గానీ టిక్కుమని చిన్న చప్పుడు వస్తోంది. ఎంపీ3 కాపీల్లోనైతే కచేరీ ద్వితీయార్ధంలో ప్రతి అతుకూ తెగినట్టే వినిపిస్తోంది. ఒకే కచేరీ, ఒకే డిస్కు, లోపం మాత్రం అతుకు అతుకుకూ మారుతోంది. ఈ కేసులో నన్ను మొదట ఆకట్టుకున్నది అదే.

నా దగ్గరకు వచ్చేలోగా ఆయన ఒక చికిత్స చేసి చూశారు. అసలు రికార్డింగు ఫైలు ఇప్పుడు లేదు. దాని నుంచి అప్పట్లో రాయించిన సీడీ ఒక్కటే మిగిలింది. ఆ సీడీలోని ధ్వనిని ఫ్లాక్ ఫైళ్లుగా (ధ్వనిలో ఏమీ పోకుండా కుదించేవి) కంప్యూటర్‌లోకి తీసుకున్నప్పుడు, అంటే రిప్ చేసినప్పుడు, ప్రతి ట్రాకు చివర రెండు సెకన్ల నిశ్శబ్దం కనిపించింది. ఆయన ప్రతి ఫైలు చివరి నుంచి సరిగ్గా రెండు సెకన్లు కత్తిరించి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఆడియో, వీడియో ప్రోగ్రాంలో నిశ్శబ్దాన్ని పట్టే సైలెన్స్‌డిటెక్ట్ ఫిల్టరుతో మళ్లీ పరీక్షించారు. "నిశ్శబ్దం ఎక్కడా లేదని సాఫ్ట్‌వేర్ అంటోందండీ, చెవి మాత్రం ఒప్పుకోవడం లేదు" అని రాశారు.

ఆ ఫిల్టరు అబద్ధం చెప్పలేదు. మనం విడిగా ఏమీ చెప్పకపోతే, స్థాయి మైనస్ 60 డెసిబెల్స్ కంటే తక్కువగా కనీసం 2 సెకన్లపాటు ఉంటేనే అది నిశ్శబ్దమని నమోదు చేస్తుంది. పాటలను వేరు చేయడానికో, ప్రసంగంలో విరామాలు పట్టుకోవడానికో అది సరిపోతుంది. అతుకుల తనిఖీకి సరిపోదు. ఎడతెగని రొదలో 2, 3 మిల్లీసెకన్ల ఖాళీని కూడా మనిషి చెవి పసిగట్టగలదు. చప్పట్లు అచ్చంగా అలాంటి రొదే. చెవి పట్టుకునేదానికి, ఫిల్టరు పట్టుకునేదానికి మధ్య దాదాపు వెయ్యి రెట్ల తేడా ఉందన్నమాట.

డెసిబెల్స్ కాదు, సున్నాలు

కత్తిరించిన ఫైళ్లను పక్కన పెట్టి, రిప్ చేసినప్పటి ఫైళ్లను అడిగాను. ఆయన వాటిని చెరపకుండా దాచారు. అవి లేకపోయి ఉంటే ఈ కేసు సగంలోనే ఆగిపోయేది.

నిశ్శబ్దాన్ని వెతకమంటే చాలామంది ముందుగా డెసిబెల్ పరిమితి ఎంత పెట్టాలని ఆలోచిస్తారు. ఈ రికార్డింగులో ఎవరూ కదలని క్షణాల్లో కూడా హాలు రొద మైనస్ 58 డెసిబెల్స్ దగ్గర ఉంది. 16 బిట్ల ఆడియోలో ఒక శాంపిలు (ఒక్కో క్షణంలో ధ్వనిని కొలిచిన సంఖ్య) విలువ సున్నాకు అటూ ఇటూ 32,768 మెట్ల వరకు వెళ్లగలదు. మైనస్ 58 అంటే అందులో సుమారు 40 మెట్లు. అంటే మైకు పనిచేస్తున్నంతసేపు విలువలు నలభై మెట్ల మేర ఊగుతూనే ఉంటాయి. రెండు చానెళ్లలోనూ ఒకేసారి, వరసగా పదుల కొద్దీ శాంపిళ్లు కచ్చితంగా సున్నా కావడం అలాంటి ధ్వనిలో జరగదు. అలా జరిగిందంటే అది హాలులోని నిశ్శబ్దం కాదు, ఏదో ఒక యంత్రమో ప్రోగ్రామో తెచ్చి పెట్టిన ఖాళీ.

అందుకే డెసిబెల్ పరిమితిని పూర్తిగా వదిలేసి చిన్న పైథాన్ స్క్రిప్టు రాసుకున్నాను. ప్రతి ఫైలు మొదట్లో ఎన్ని సున్నాలు, చివర ఎన్ని సున్నాలు, నడుమ ఎక్కడైనా 20 శాంపిళ్లకు మించిన సున్నాల వరస ఉందా అన్నవే అది చెబుతుంది. లెక్క శాంపిళ్లలోనే కావాలి, సెకన్లలో చూస్తే ఉపయోగం లేదు. తెరమీద 2.01 అని కనిపించే సంఖ్య వెనక మూడు వేర్వేరు కారణాలు దాక్కోగలవు. శాంపిళ్లలో కొలిస్తే ఏ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో ఆ సంఖ్యే చెప్పేస్తుంది.

తనిఖీని ఫైలువారీగా కాక అతుకువారీగా చూడాలి. ఒక ఫైలు చివరి సున్నాలూ దాని తర్వాతి ఫైలు మొదటి సున్నాలూ కలిపితేనే ఒక కొలత అవుతుంది. ఫైళ్లను విడివిడిగా పరీక్షించే పరికరాలన్నీ తడబడేది ఇక్కడే.

88,200, ఆ పైన మిగులు

మొదటి నాలుగు అతుకుల మొత్తాలు ఇలా వచ్చాయి: ఒకటికి రెండుకు మధ్య 88,637, రెండుకు మూడుకు మధ్య 88,219, మూడుకు నాలుగుకు మధ్య 88,200, నాలుగుకు అయిదుకు మధ్య 88,786. మిగతావీ ఇదే తీరు. ఏదీ 88,200 కంటే తక్కువ లేదు, ఏదీ 88,787 దాటలేదు.

1980లో ఫిలిప్స్, సోనీ సంస్థలు ఖరారు చేసిన ఆడియో సీడీ ప్రమాణం తెలిసినవారికి ఈ రెండు హద్దులు చూడగానే విషయం అర్థమవుతుంది. సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు. అవి 75 సెక్టార్లుగా ఉంటాయి, ఒక్కో సెక్టారుకు 588 శాంపిళ్లు. రెండు సెకన్లంటే 150 సెక్టార్లు, 88,200 శాంపిళ్లు. డిస్కు రాసే ప్రోగ్రాములు చాలావాటిలో ట్రాకుల మధ్య 2 సెకన్ల ఖాళీ అన్నది ముందే పెట్టి ఉండే అమరిక. సీడీ రాసినవారు దాన్ని మార్చలేదు. రిప్ చేసే ప్రోగ్రాములు సాధారణంగా ఆ ఖాళీని ముందు ట్రాకు చివర అంటిస్తాయి. రెండు సెకన్ల కథ ఇంతే, పెద్దగా చెప్పుకోవలసింది లేదు.

కథంతా ఆ పైన ఉన్న 437లో, 19లో, 0లో, 586లో ఉంది.

సీడీలో ట్రాకు ఎప్పుడూ పూర్తి సెక్టారుతోనే ముగియాలి. రికార్డింగును ముక్కలు చేసినవారు చప్పట్ల మధ్య కంటికి నచ్చిన చోట కోశారు. ఆ పొడవు 588 గుణిజం కావాలన్న నియమం వారికి లేదు. చివరి సెక్టారులో మిగిలిన జాగాను రాసే ప్రోగ్రాం సున్నాలతో నింపింది. ఆ నింపుడు 0 నుంచి 587 శాంపిళ్ల వరకు ఎంతైనా కావచ్చు, అంటే గరిష్ఠంగా 13.3 మిల్లీసెకన్లు. ట్రాకు ట్రాకుకూ మారే మిగులు ఇదే. నాలుగు, అయిదు ట్రాకుల మధ్య 586 శాంపిళ్ల ఖాళీ చప్పట్లలో స్పష్టంగా తెలుస్తుంది. రెండు, మూడు ట్రాకుల మధ్య 19 శాంపిళ్లంటే అర మిల్లీసెకను కూడా లేదు, అది ఆగినట్టు అనిపించే ప్రసక్తే లేదు. మరి అక్కడ టిక్కుమనడం ఎందుకు?

దీనికి జవాబు ఫైళ్ల మొదట్లో దొరికింది. పదహారు ఫైళ్లూ సరిగ్గా 30 సున్నాలతో మొదలవుతున్నాయి. చివరి సంఖ్యలు మారుతూ, మొదటి సంఖ్య మాత్రం మారకుండా ఉందంటే అది ఫైలుకు సంబంధించినది కాదు, డ్రైవుకు సంబంధించినది. సీడీ డ్రైవులు ఆడియోను చదివేటప్పుడు, రాసేటప్పుడు కొన్ని శాంపిళ్ల మేర ముందుకో వెనక్కో జరుపుతాయి. దీన్ని ఆఫ్‌సెట్ అంటారు. ఒక్కో డ్రైవు నమూనాకు ఒక్కో సంఖ్య ఉంటుంది. ఇక్కడ మొత్తం ధ్వని 30 శాంపిళ్లు ఆలస్యంగా జరిగింది. కాబట్టి ప్రతి అతుకులోని ఖాళీలో 30 సున్నాలు ముందు ఫైలు నుంచి జారి తర్వాతి ఫైలులో పడ్డాయి.

ఇప్పుడు ఆయన చేసిన కత్తిరింపును ఈ సంఖ్యల పక్కన పెట్టి చూడండి. రెండో ట్రాకు చివర ఉన్న సున్నాలు 88,219 నుంచి 30 తీసేస్తే 88,189. ఆయన తీసినవి 88,200. అంటే 11 శాంపిళ్ల అసలు ధ్వని పోయింది, మూడో ట్రాకు మొదట్లో 30 సున్నాలు అలాగే ఉండిపోయాయి. మూడో ట్రాకు చివర ఉన్నవి 88,170 సున్నాలు, అక్కడ 30 శాంపిళ్లు పోయాయి. ధ్వని తరంగం ఎక్కడో ఎత్తులో ఉండగా ఒక్కసారిగా సున్నాకు పడి, మళ్లీ లేచి, మధ్యలో కొంత భాగం మాయమైతే చెవికి అది ఖాళీగా కాదు, టిక్కుగా వినిపిస్తుంది. నాలుగో ట్రాకు చివర 88,756 ఉంటే 556 మిగిలాయి. వాటికి అయిదో ట్రాకు మొదటి 30 కలిపితే మళ్లీ 586. అక్కడ చప్పట్లు ఆగాయి. రెండు రకాల ఫిర్యాదులూ, ఏ అతుకులో ఏది వస్తుందో సహా, ఒక్క లెక్కతో తేలిపోయాయి.

ఆఫ్‌సెట్ అన్నది ఊహగానే మిగలకూడదని అదే సీడీని వేరే డ్రైవులో చదివించమన్నాను. ఆ డ్రైవులో ఫైళ్ల మొదట్లో 30 బదులు 6 సున్నాలు వచ్చాయి. అతుకు మొత్తాలు మాత్రం ఒక్క శాంపిలు కూడా మారలేదు. అనుమానం తీరింది.

ట్రాకు నడుమ 1,176

స్క్రిప్టు నేను ఊహించనిది ఇంకొకటి చూపించింది. పన్నెండో ట్రాకు మధ్యలో, పాట మంచి ఊపులో ఉండగా, 1,176 సున్నాలు. 588ని రెండుతో గుణిస్తే 1,176. అతుకు లేని చోట సరిగ్గా రెండు సెక్టార్ల ఖాళీ ఉందంటే డ్రైవు ఆ భాగాన్ని చదవలేక సున్నాలు ఇచ్చి ఊరుకుందన్నమాట. దీన్ని కత్తిరించి రెండు అంచులూ కలిపితే అంతకంటే పెద్ద తప్పు లేదు. అతుకులోని సున్నాలు అదనంగా చేరినవి, ఇవి పోయిన సంగీతం స్థానంలో కూర్చున్నవి. తీసేస్తే తాళం 26.7 మిల్లీసెకన్లు ముందుకు జారుతుంది. నిశ్శబ్దం కనిపించిన చోటల్లా కోసిపారేసే ఆటోమేటిక్ పరికరాలంటే నాకు పడకపోవడానికి కారణం ఇదే. అదృష్టవశాత్తూ రెండో డ్రైవు ఆ భాగాన్ని కూడా చదివింది. అక్కడి నుంచి పనంతా రెండో రిప్ మీదే చేశాను.

ఉండనిచ్చిన నిశ్శబ్దం

ఉన్న పదిహేను అతుకుల్లో పద్నాలుగింటినే సరిచేశాను. సున్నాలు తీసేసి అంచులు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పద్నాలుగు చోట్లా తరంగం సాఫీగా కొనసాగింది. ఉదాహరణకు అయిదు, ఆరు ట్రాకుల మధ్య ఎడమ చానెల్ చివరి విలువలు 1,204, 1,187 అయితే, సున్నాల అవతల మొదటివి 1,161, 1,140. ఒకే తరంగాన్ని నడిమికి కోసినప్పుడు తప్ప ఇలా కలవవు. ఈ పరీక్ష తప్పనిసరి. అంచులు కలవకపోతే సున్నాలతోపాటు ధ్వని కూడా పోయిందన్నమాట. అప్పుడు ఖాళీ తీసేసినా టిక్కు పోదు.

తొమ్మిది, పది ట్రాకుల మధ్య కలవలేదు, కలవకూడదు కూడా. అక్కడ కచేరీకి విరామం. తొమ్మిదో ట్రాకు చప్పట్లు మెల్లగా తగ్గిపోతాయి, పదో ట్రాకులో హాలు సందడి మెల్లగా పైకి వస్తుంది. వాటి మధ్య సున్నాలు కూడా డిస్కు రాసే ప్రోగ్రాం పెట్టినవే, పుట్టుకలో మిగతావాటికి తేడా లేదు. కానీ వాటిని తీసేస్తే విరామం ఊపిరాడకుండా మూసుకుపోతుంది. ఏ అమరికతోనో పెట్టిన రెండు సెకన్లు ఇక్కడ సరిగ్గా కుదిరాయి, ఉంచేశాను. ఆయనకు వినిపిస్తే, "అక్కడ ఖాళీ ఉందని నేను గమనించనే లేదండీ" అన్నారు. ఉండవలసిన నిశ్శబ్దం ఎవరికీ లోపంగా తోచదు.

డెసిబెల్ పరిమితితో కోసే పద్ధతి ఇక్కడ ఇంకో చోట కూడా నష్టం చేసేది. ఆరో ట్రాకు చివరి స్వరం తంత్రి మీద సాగి సాగి హాలు రొదలో కలిసిపోతుంది. మైనస్ 50 దగ్గర గీత గీస్తే ఆ నాదంలో చివరి భాగం ఎగిరిపోయేది, ఏ పరికరమూ హెచ్చరించేది కాదు.

ఎంపీ3 కాపీలు

ఎంపీ3 సంగతి పూర్తిగా వేరు. ఇక్కడ సున్నాలను వెతకడం వల్ల లాభం లేదు. ఎన్‌కోడింగులో అంచులు పలచబడి పక్కకు చిందుతాయి కాబట్టి ఖాళీ ఉన్నచోట కూడా విలువలు కచ్చితంగా సున్నా కావు. ఫ్లాక్ ఫైలులో ఎన్ని శాంపిళ్లు ఉన్నాయి, ఎంపీ3ని విప్పితే ఎన్ని వస్తున్నాయి అన్న పోలికే నమ్మదగినది.

ఎంపీ3లో ధ్వని 1,152 శాంపిళ్ల ఫ్రేములుగా ఉంటుంది. ధ్వనిని ఎంపీ3గా మార్చే లేమ్ అనే ఎన్‌కోడర్ మొదట్లో 576 శాంపిళ్ల ఆలస్యాన్ని చేరుస్తుంది, చివరి ఫ్రేము నిండడానికి మరికొన్ని కలుపుతుంది. దాన్ని తిరిగి విప్పే డీకోడర్ వల్ల ఇంకో 529 శాంపిళ్ల ఆలస్యం వస్తుంది. సరిగ్గా అయిదు నిమిషాల ట్రాకు తీసుకుంటే అసలు శాంపిళ్లు 1,32,30,000. లేమ్ ముందు 576, వెనక 1,296 కలిపి దాన్ని 11,486 పూర్తి ఫ్రేములు చేస్తుంది. ఈ అదనం గురించి తెలియని ప్లేయర్‌లో పాట మొదట్లో 1,105 శాంపిళ్లు, అంటే 25 మిల్లీసెకన్లు, చివర 767 శాంపిళ్లు, అంటే 17 మిల్లీసెకన్లు, ఖాళీగా వస్తాయి. ఖాళీ ఏమాత్రం లేని ఫ్లాక్ నుంచి చేసినా సరే, ప్రతి అతుకులో నలభై మిల్లీసెకన్ల చీలిక తయారు.

దీనికి విరుగుడు కూడా లేమే ఇస్తుంది. ఫైలు మొదటి ఫ్రేములో తాను ఎన్ని శాంపిళ్లు ముందు, ఎన్ని వెనక చేర్చిందో ఒక ట్యాగులో రాసిపెడుతుంది. మంచి ప్లేయర్ అది చదివి అంతమేరా వదిలేస్తుంది. కచేరీ ప్రథమార్ధం ఫైళ్లలో ఆ ట్యాగు భద్రంగా ఉంది. ద్వితీయార్ధం ఫైళ్లలో లేదు. ఆరా తీస్తే, ఆ ఏడు ఫైళ్ల నిడివి ఏదో ప్లేయర్‌లో తప్పుగా కనిపిస్తోందని ఎవరో వాటిని హెడర్ మరమ్మతు చేసే ప్రోగ్రాంలో పెట్టారని తేలింది. అది మొదటి ఫ్రేమును తీసి తనది పెట్టింది. నిడివి సరిగ్గా కనిపించింది, అతుకులు తెగిపోయాయి. పోయిన సంఖ్యలను ఊహించి తిరిగి రాయడం కంటే మళ్లీ ఎన్‌కోడ్ చేయడమే తేలిక, నమ్మకం కూడా.

ఏఏసీ పద్ధతిలో కుదించిన ఎం4ఏ కాపీల్లో కొత్తగా ఇబ్బందేమీ రాలేదు. ఏఏసీ ఎన్‌కోడర్ ముందు 2,112 శాంపిళ్లు, దాదాపు 48 మిల్లీసెకన్లు, చేర్చినా ఆ వివరం ఫైలులోనే ఉంది, ఆయన వాడే ప్లేయర్ దాన్ని పాటిస్తోంది. వాటి లోపమంతా కత్తిరించిన ఫ్లాక్ ఫైళ్ల నుంచి సంక్రమించినదే.

మళ్లీ కోయడం

రెండో రిప్ నుంచి ప్రథమార్ధంలోని తొమ్మిది ట్రాకులను ఒక ప్రవాహంగా, ద్వితీయార్ధంలోని ఏడింటిని ఇంకో ప్రవాహంగా కలిపి, పద్నాలుగు అతుకుల్లో సున్నాలు తీసేశాను. ఆ తర్వాత పాత కోతల దగ్గరే మళ్లీ కోయలేదు. ప్రతి కోతనూ దాని తర్వాత వచ్చే 588 గుణిజం దగ్గరకు జరిపాను. అంటే తర్వాతి ట్రాకు నుంచి గరిష్ఠంగా 587 శాంపిళ్లు ముందు ట్రాకులోకి వచ్చాయి. చప్పట్ల మధ్య 13 మిల్లీసెకన్లు అటో ఇటో జరగడం ఎవరికీ తెలియదు. లాభమేమిటంటే, రేపు ఎవరైనా ఖాళీ లేకుండా సీడీ రాస్తే, నింపడానికి సెక్టారులో జాగా ఉండదు. ఈ జరపడాన్ని షెన్‌టూల్ లాంటి పరికరాలు ఒక్క ఆదేశంతో చేస్తాయి. పద్నాలుగే కాబట్టి, ప్రతి కోతనూ వినాలనుకున్నాను కాబట్టి, నేను చేత్తోనే చేశాను.

సరిచూసుకోవడం రెండు రకాలుగా జరిగింది. కొత్త ఫ్లాక్ ఫైళ్లను విప్పి వరసగా అతికిస్తే ప్రవాహంతో బిట్టు బిట్టూ సరిపోవాలి, సరిపోయింది. ఎంపీ3ల్లో ట్యాగు ప్రకారం అదనం తీసేశాక మిగిలే శాంపిళ్ల సంఖ్య ఫ్లాక్‌తో సమానం కావాలి, పదహారింటిలోనూ అయింది. ఆ పైన హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్రతి అతుకూ, ముందు పది సెకన్లు, వెనక పది సెకన్లు విన్నాను. లెక్కలు తేలాక వినడం అనవసరం అనేవారున్నారు. ఆరో ట్రాకు తంత్రి నాదాన్ని ఏ లెక్కా కాపాడదు.

ఇక ట్యాగును పట్టించుకోని ప్లేయర్ల సంగతి మిగిలింది. వాటిలో ఎంపీ3 అతుకులు ఎలా చేసినా తెగుతాయి. ఆయన శ్రోతల్లో కొందరు అలాంటి పాత ప్లేయర్లే వాడుతున్నారు. వారికోసం కచేరీని రెండు పొడవైన ఫైళ్లుగా, ఒక్కోదానికి ఒక క్యూ షీటుతో (ఏ పాట ఎక్కడ మొదలవుతుందో రాసిన చిన్న ఫైలు) ఇచ్చాను. వరసగా వింటే అతుకే ఉండదు. క్యూ షీటు చదవగల ప్లేయర్‌లో కావలసిన పాటకు నేరుగా వెళ్లవచ్చు. క్యూ షీటులో సమయాన్ని నిమిషాలు, సెకన్లు, సెకనులో 75వ వంతులుగా రాస్తారు. ఒక్కో వంతు 588 శాంపిళ్లు. కోతలన్నీ ఆ గుణిజాల మీదే ఉన్నాయి కాబట్టి ప్రతి ట్రాకు మొదలునూ ఒక్క శాంపిలు తేడా లేకుండా రాయగలిగాను.